పెత్తనం మనిషికా, పనికా?

బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో ఒక ఇంటి కంప్యూటర్ మొరాయించిందనుకుందాం. పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ ఆదేశాన్ని నల్ల తెర మీద కొడితే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే తప్ప కుదరదు పొమ్మంటుంది. కొన్నది మనం, కరెంటు బిల్లు కట్టేది మనం. మరి పెత్తనం ఎవరిది? ఈ చిక్కుముడి వెనక దాదాపు అర్ధ శతాబ్దపు కథ ఉంది.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే సీటీఎస్‌ఎస్ వ్యవస్థను నడిపి చూపింది. ఎవరి ఫైళ్లు వారివిగా ఉండాలి కనుక పాస్‌వర్డ్‌లు వచ్చాయి. తాళం వచ్చిన మరుసటి ఏడే దొంగతాళమూ వచ్చింది! తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, పాస్‌వర్డ్‌ల ఫైలును ముద్రించమని యంత్రానికే ఒక కార్డు పెట్టి, కాగితం చేతికి తెచ్చుకున్నాడు.

అంతకంటే పెద్ద ముప్పు ఏ దొంగా లేకుండానే వచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం లాగిన్ అయిన ప్రతివారికీ, రోజూ కనిపించే ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌లూ వరసగా అచ్చయ్యాయి. సిబ్బందిలో ఒకరు ప్రకటనను, మరొకరు పాస్‌వర్డ్‌ల ఫైలును ఒకే సమయంలో దిద్దుతుండగా, రెండింటి తాత్కాలిక ఫైళ్ల పేరు ఒకటే కావడంతో అవి తారుమారయ్యాయి. పెత్తనం ఉన్నవాళ్ల చిన్న పొరపాటు ఊరందరి పొరపాటవుతుందని ఆ రోజు తెలిసింది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చుతూ సిబ్బంది గంటల తరబడి కూర్చోవలసి వచ్చింది.

బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రూపుదిద్దుకునే నాటికి ‘రూట్’ అనే సర్వాధికారి ఉన్నాడు. కానీ ఒక మామూలు మనిషి తన పాస్‌వర్డ్ తాను మార్చుకోవాలంటే ఎలా? ఆ ఫైలు రూట్‌ది. అందరికీ తెరిస్తే అరాచకం. మూసేస్తే ప్రతి చిన్నపనికీ రూట్ కాళ్లు పట్టుకోవాలి. ఆ యూనిక్స్ బృందంలోని డెనిస్ రిచీ ఆలోచన ఎంత తేలికో అంత లోతు: అధికారం మనిషికి ఇవ్వకు, ఆ ఒక్క పని చేసే ప్రోగ్రామ్‌కు ఇవ్వు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లోనూ ఇంతే: చెరకు రైతు కాటా రిజిస్టర్‌లో చెయ్యి పెట్టేవాడు కాదు. అయినా అతని బండి బరువు అతని పేరు కిందే పడేది. 1973లో రిచీ దరఖాస్తు చేసిన ఈ ‘సెట్‌యూఐడీ’ ఉపాయానికి 1979లో పేటెంట్ వచ్చింది.

విచిత్రమేమిటంటే, కంప్యూటర్ ఇంటికి వచ్చేసరికి ఈ పాఠం గడప అవతలే ఉండిపోయింది. ఒక్కరే వాడే పెట్టెకు కాపలా ఎందుకనుకున్నారు. 1981 నాటి డాస్‌లో ఖాతాలే లేవు. ఇంటర్నెట్ వచ్చాక దానికి మూల్యం చెల్లించాం. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అంటూ వచ్చిన ఈమెయిల్ అటాచ్‌మెంట్‌ను తెరిచినవాళ్ల ఫొటో ఫైళ్లను ఆ వైరస్ తుడిచిపెట్టి, వాటి స్థానంలో తన నకళ్లు పెట్టింది. తెరిచినవారికి ఎంత అధికారముందో దానికీ అంతే.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో పరిమిత ఖాతా ఉంది. పేరుకే! సెటప్‌లో పుట్టిన ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్లే. జాగ్రత్తపరులు పరిమిత ఖాతా పెట్టుకున్నా, పెత్తనానికి అలవాటుపడ్డ ఆటలూ సాఫ్ట్‌వేర్లూ నడవనని మొండికేసేవి. 2007లో విండోస్ విస్టా కొత్త దారి తొక్కింది. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా ప్రోగ్రామ్‌లు మామూలు మనిషి హోదాలోనే నడుస్తాయి. పెద్ద పని తగిలినప్పుడే తెర మసకబారి అనుమతి అడుగుతుంది. ఆ మసక అలంకారం కాదు. వేరే ప్రోగ్రామ్ ఏదీ మన బదులు ‘అవును’ నొక్కకుండా కట్టిన తెర. జనం మాత్రం విసిగిపోయి, ఆ ఏర్పాటునే ఆపేయడం నేర్చుకున్నారు.

అందుకే విండోస్ 7లో ప్రశ్నలు తగ్గించి, ఎంత అడగాలో మనమే నిర్ణయించేలా నాలుగు మెట్ల మీట పెట్టారు. 2009 ఆరంభంలో, అది ఇంకా పరీక్షల దశలో ఉండగానే, ఇద్దరు ఔత్సాహికులు చిన్న స్క్రిప్టు రాసి చూపించారు: ఆ మీటను అడుగుకు జార్చడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదట! మొదట అది లోపం కాదని వాదించిన మైక్రోసాఫ్ట్, చివరికి దిగివచ్చి, మీటను కదపడానికీ అనుమతి అడిగేలా మార్చింది.