మర్దనము : ఇందూరు, బోధను సీమలయందు

మర్దనమనగా తైలముతోగాని, వట్టిచేతితోగాని దేహమును రాచి, ఒత్తి, పిసికి, కండరముల బిగువును సడలించుటయేగాక మనస్సునందలి ఉద్వేగమునకును ఉపశమనము కూర్చు అనుబంధ చికిత్స. ఆయుర్వేదమున ఇది అభ్యంగనము, యునానీయందు దల్క్. తెలుగును ఉర్దూయు ఇరుగుపొరుగుగా వర్ధిల్లిన నిజామాబాదు (పూర్వనామము ఇందూరు) ప్రాంతమున జనులు మాలీసు అందురు.

1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు జలాశయము మంజీరానదీజలములను పొలములకు మళ్ళింపగా, 1937లో బోధనుచెంత శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసి, ఆసియాలోనే మిక్కిలి పెద్దదని కీర్తిగాంచి, 2015లో మూతపడువరకు ఈ సీమ జీవనమునకు చెరకే ఆధారమై యుండెను. చెరకు కొట్టువారు నడుము వంచి గడను మొదలంట నరికి, ఆకు దూసి, మోపులు కట్టి బండ్లకెత్తుదురు గనుక వారి నడుమునకును భుజములకును శ్రమ అపారము. ఇట్టి శ్రమకు శాస్త్రములు మర్దనమునే చెప్పినవి: అభ్యంగనము జరను, శ్రమను, వాతమును హరించుననియు, శిరస్సు, చెవులు, పాదములయందు విశేషముగా చేయదగుననియు ఆయుర్వేదాచార్యుడగు వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. కఠినమర్దనము దేహమును దృఢపరచుననియు, మృదుమర్దనము సడలించుననియు యునానీ వైద్యాచార్యుడగు ఇబ్న్ సీనా వివేచించెను. మాలీసు చేయుచు ఇంతటి శాస్త్రమును చేతులలో నిలుపుకొనిన మంత్రసానులకును నాయీబ్రాహ్మణులకును వైద్యచరిత్రలలో తగిన స్థానము లభింపకుండుట విచారకరము.

మాలీసు పసివారికిని కలదు: పెద్దముత్తైదువ కాళ్ళు చాపి కూర్చుండి, పసిబిడ్డను ఆ కాళ్ళపై పరుండబెట్టి, నువ్వులనూనె రాచి, శనగపిండితో నలిచి, నీళ్ళుపోసి సాంబ్రాణి పట్టునప్పుడు ఏడ్చుచున్న శిశువు క్రమముగా శాంతించి నిద్రించుట తెలంగాణపు ఇండ్లలో నిత్యానుభవము. దీనికి శారీరకకారణము కలదు: రోమములుగల చర్మమునందు సెకనుకు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగముతో సాగు మెల్లని నిమురునకే మిక్కుటముగా స్పందించు సన్నని నాడీతంతువులున్నవి, అవి ఆ వార్తను భావానుభూతికి సంబంధించిన మస్తిష్కభాగములకు చేర్చును. మోయర్, రౌండ్స్, హన్నమ్ అనువారు 2004లో 37 పరిశోధనలను కలిపి పరిశీలించి, పలుమారులు మర్దనము పొందినవారిలో ఆందోళనయు, విషాదమును గణనీయముగా తగ్గుచున్నవని తేల్చిరి. కార్టిసాల్ అను ఉద్వేగద్రవము మిక్కిలి తగ్గునను ప్రచారము మాత్రము తరువాతి పరిశీలనకు నిలువలేదు.

మర్దనము వైద్యమునకు తోడేగాని బదులు కాదు. అజీర్ణులకును, కఫపీడితులకును దీనిని వాగ్భటుడే నిషేధించెను. జ్వరము, పచ్చిపుండు, విరిగిన యెముక ఉన్నచోట మాలీసు తగదు. కాలిసిరలో రక్తము గడ్డకట్టినచో ఒత్తిడికి ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరు ప్రమాదము కలదు. శిశువు ముక్కులో నూనెచుక్కలు వేయు పాత అలవాటును తల్లులు తప్పక మానవలెను; ఆ నూనె శ్వాసకోశములకు జారి న్యుమోనియా కలిగింపగలదు.