డార్విన్ రేవుకు గేటు కాసిన ఫెర్రీ

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనం యుద్ధనౌకలు, విమాన వాహక నౌకల పేర్లు గుర్తుపెట్టుకుంటాం. రేవు ముఖద్వారంలో ఉక్కు వల పరిచి, దాన్ని కాపాడిన నౌకల సంగతి ఏ నోట్సులోనూ కనిపించదు. ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన కారా కారా అలాంటి నౌక.

వల పని సులువుగానే అర్థమవుతుంది. పైన బోయాలు, కింద లంగర్లు, మధ్యలో ఉక్కు తాళ్ల అల్లిక. జలాంతర్గామి దొంగచాటుగా లోపలికి రాకూడదు. సొంత ఓడలు వెళ్లిరావడానికి మాత్రం ఒక గేటు కావాలి. గేటు దగ్గర లంగరేసి నిలబడి, వలను తెరుస్తూ మూస్తూ ఉండేదే గేట్ నౌక.

ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ వల సుమారు 6 కిలోమీటర్లు. అప్పట్లో ప్రపంచంలోనే అతి పొడవైనదని చెబుతారు. కానీ అక్కడ ఆటుపోట్ల తేడా 8 మీటర్ల దాకా ఉంటుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది: నీటి వేగం రెట్టింపైతే వల మీద పడే బలం నాలుగు రెట్లవుతుంది. అంటే వల ఒకసారి పరిస్తే అయిపోదు. తెగడం, జరగడం, మళ్లీ కట్టడం. కోలా, కంగారూ, కరంగి, కూకబుర్రా అనే నౌకలకు అదే పని. (పేర్లు చూస్తే జంతుప్రదర్శనశాల గుర్తొస్తుంది!)

కారా కారా అసలు సిడ్నీలో వాహనాలు దాటించే ఫెర్రీ. 1932లో హార్బర్ వంతెన తెరవడంతో ఆ ఫెర్రీలకు పని పోయింది. 1941లో నౌకాదళం దీన్ని తీసుకుని డార్విన్ పంపింది.

1942 ఫిబ్రవరి 19, ఉదయం పది కావస్తోంది. సింగపూర్ పడిపోయి నాలుగు రోజులే అయింది. పెర్ల్ హార్బర్ దాడిని నడిపిన ఫుచిదా నాయకత్వంలోనే 188 విమానాలు వచ్చాయి. మధ్యాహ్నానికి మరో 54. కనీసం 235 మంది చనిపోయారు. అమెరికా డిస్ట్రాయర్ పియరీ మునిగింది. సరుకు ఓడ నెప్ట్యూనా పేలిపోయింది. లంగరేసి ఉన్న కారా కారా తప్పించుకునే వీలు లేదు. విమానాలు కిందికి దిగి దానిపై కాల్పులు జరిపాయి. ఓడలో వంట చేసే ఫ్రాన్సిస్ ఎమ్స్ మెషిన్ గన్ పట్టుకుని, గాయపడ్డాక కూడా కాలుస్తూనే ఉండి, ఆ గాయాలతోనే చనిపోయాడు. నౌకలో మృతులు ఇద్దరు.

డార్విన్ రక్షణ విఫలమైందని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. నాకది సరిగా అనిపించదు. శత్రు జలాంతర్గామి ఏదీ ఆ వల దాటి రేవులోకి వచ్చిన దాఖలా లేదు. లేనివి రాడార్ హెచ్చరిక, సరిపడా యుద్ధ విమానాలు. బాథర్స్ట్ దీవి నుంచి రేడియోలో ముందే కబురు వచ్చినా సైరన్ మోగలేదు.

పోల్చాలంటే సిడ్నీ చూడండి. మే 31 రాత్రికి అక్కడి వల ఇంకా పూర్తి కాలేదు. మూడు చిన్న జపాన్ జలాంతర్గాములు వస్తే ఒకటి వలలో చిక్కుకుంది, మిగతా రెండూ లోపలికి దూరాయి. కుట్టబుల్ మునిగి 21 మంది పోయారు. అది కూడా ఆ వంతెన వల్ల పని పోయిన ఫెర్రీయే.

మ్యాప్ మీద ఈ తేదీలు వరుసగా పెట్టుకోండి: డార్విన్, ఏప్రిల్ 5న కొలంబో, 6న మన విశాఖపట్నం, కాకినాడ, 9న ట్రింకోమలీ. అన్నిచోట్లా దాడి ఆకాశం నుంచే.

కారా కారా యుద్ధం దాటి బతికింది. 1973లో నౌకాదళమే దాన్ని లక్ష్యంగా వాడి సముద్రంలో ముంచేసింది.