వాచీ అంచు మీద లాగరిథమ్స్

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను, మన లెక్కల తరగతిలో పరిచయమై ఇప్పుడు నా ఎడమ చేతి మణికట్టు మీదికి చేరిన ఒక పరికరం చరిత్ర రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

నిరుడు సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా అమ్మాయి నాకొక వాచీ తెచ్చింది. జపాన్ సిటిజన్ కంపెనీది. మా తరానికి వాచీ అంటే హెచ్.ఎం.టి.నే. ఆ హెచ్.ఎం.టి. వాచీల కర్మాగారం 1961లో బెంగుళూరులో మొదలైంది ఈ సిటిజన్ కంపెనీ సహకారంతోనే కాబట్టి, పాత చుట్టం ఇంటికొచ్చినట్టే అనిపించింది. ఇది పైలట్ల కోసం చేసిన రకం. అద్దం చుట్టూ చీమల బారులాగా రెండు వరుసల అంకెలు. లోపలి వరుస కదలదు. బయటి వరుస ఉన్న చక్రం, బెజెల్ అంటారు, వేలితో తిప్పితే తిరుగుతుంది.

మా మనవడు దాన్ని కాసేపు చూసి, "తాతయ్యా, ఈ అంకెలు సరిగ్గా వెయ్యలేదు. 10కీ 11కీ మధ్య బోలెడు చోటుంది, 90కీ 91కీ మధ్య లేదు" అన్నాడు. వాడి కన్ను మంచిది. నాకు మాత్రం యాభై ఏళ్ల కిందటి మిత్రుణ్ని చూసినట్టయింది. అది స్లైడ్ రూల్. కర్ర స్కేలును గుండ్రంగా చుట్టి వాచీకి తొడిగారు, అంతే.

బందరు రేవు నాటి కథ

ఈ కథ మొదలైన రోజులకీ మన ప్రాంతానికీ సంబంధం ఉంది. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు బందరులో తమ వర్తక స్థావరం పెట్టారు. మూడేళ్ల తర్వాత, 1614లో, స్కాట్లండ్‌లో జాన్ నేపియర్ లాగరిథమ్స్ గురించి లాటిన్‌లో పుస్తకం ప్రచురించాడు. పెద్ద పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చేసే ఉపాయం అది. సముద్రం మీద నక్షత్రాలు చూసి ఓడ ఎక్కడుందో లెక్క కట్టుకోవలసిన నావికులకు అంతకంటే కావలసిందేముంది? ఎడ్వర్డ్ రైట్ దాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆయన పోయాక 1616లో ఆ పుస్తకం అచ్చయింది. దాన్ని అంకితమిచ్చింది ఎవరికో తెలుసా? ఈస్టిండియా కంపెనీకి. బందరు రేవుకు వచ్చే ఓడల యజమానులకు ఆ లెక్కల విలువ తెలుసన్నమాట.

ఇంటర్మీడియట్‌లో క్లార్క్స్ టేబుల్స్ పట్టుకుని తిరిగినవాళ్లకు లాగరిథమ్ పట్టికలు గుర్తుండే ఉంటాయి. 1620లో ఎడ్మండ్ గుంటర్ ఆ పట్టికను ఒక గీతగా గీశాడు. ఆ గీత మీద 1 నుంచి 2కు ఎంత దూరమో, 2 నుంచి 4కూ అంతే, 4 నుంచి 8కీ అంతే. అందువల్ల రెండు దూరాలు కలిపితే రెండు సంఖ్యలు గుణించినట్టు. మా మనవడికి తప్పుగా కనిపించిన అంకెల సర్దుబాటులోని కిటుకు ఇదే. దూరాలు కొలవడానికి గుంటర్ కంపాసు వాడేవాడు. విలియం ఆట్రెడ్ అనే చర్చి ఫాదరు రెండు గీతలను పక్కపక్కన పెట్టి జరిపితే కంపాసు అక్కర్లేదని కనిపెట్టాడు. ఆ గీతలనే వృత్తాలుగా గీసి, ఒకదానిలో ఒకటి తిరిగేలా కూడా చేశాడు. ఇప్పుడు నా చేతికున్నది ఆ వృత్తమే.

ఇక్కడ ఉపాధ్యాయులు నవ్వుకునే సంగతొకటి ఉంది. ఆట్రెడ్ దగ్గర చదువుకున్న రిచర్డ్ డెలమెయిన్ 1630లో ఈ గుండ్రటి స్కేలు తనదేనంటూ పుస్తకం వేశాడు. గురువుగారి పుస్తకం 1632లో గానీ రాలేదు. గురుశిష్యులిద్దరూ ఎవరిది ముందని పుస్తకాల్లోనే తగువులాడుకున్నారు. మన బడిలో అలాంటివి జరగలేదు, మనమెవరమూ ఏమీ కనిపెట్టలేదు కాబట్టి.

కట్టల నుంచి కాక్‌పిట్ దాకా

తర్వాత మూడు వందల ఏళ్లూ ఇంజనీర్ల జేబులో స్లైడ్ రూల్ ఉండేది. 1850 ప్రాంతంలో మన్‌హీమ్ అనే ఫ్రెంచి సైనికాధికారి స్థిరపరిచిన రూపమే మన కాలేజీల దాకా వచ్చింది. మన బందరు రోడ్డు మీది కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు గారి తరం ఇంజనీర్లకు అదే ఆయుధం. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ లాంటి ఆనకట్టల కాలంలో మనవాళ్ల బల్లల మీద కంప్యూటర్లు లేవు. పట్టికలు, పెన్సిళ్లు, స్లైడ్ రూళ్లు ఉండేవి.

విమానం వచ్చాక కొత్త అవసరం పుట్టింది. ఓడలో లెక్క వేసుకోవడానికి బల్ల ఉంటుంది, తీరిక ఉంటుంది. పైలట్‌కు ఒక చెయ్యి ఎప్పుడూ కంట్రోలు మీదే ఉండాలి. అతన్ని వేధించేవి రెండు ప్రశ్నలు. ఎంతసేపట్లో చేరతాను? ఉన్న పెట్రోలు సరిపోతుందా? 1930లలో అమెరికా నౌకాదళానికి చెందిన ఫిలిప్ డాల్టన్ ఇందుకోసం ఒక గుండ్రటి లెక్కల బిళ్ల తయారుచేశాడు. ఈ6-బి అనే పేరుతో అది రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల చేతుల్లోకి వెళ్లింది. డాల్టన్ మాత్రం 1941లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ బిళ్ల మీద నేర్చుకునే పైలట్లు ఇప్పటికీ ఉన్నారు.

బిళ్లను వాచీలోకి దించింది స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రైట్లింగ్ కంపెనీ. 1940లలో క్రోనోమాట్, 1952లో పైలట్ల కోసం నావిటైమర్ తెచ్చారు. నావిగేషన్, టైమర్ అనే రెండు మాటల కలయిక ఆ పేరు. 1962 మే 24న స్కాట్ కార్పెంటర్ ఆ వాచీనే, 24 గంటల ముఖం పెట్టించుకుని, అంతరిక్షంలోకి తీసుకెళ్లాడు. దిగేటప్పుడు నౌక ముఖం కొంత పక్కకు తిరిగి ఉండటం, రాకెట్లు మూడు సెకన్లు ఆలస్యంగా పేలడం, ఇలాంటి కారణాలన్నీ కలిసి అనుకున్న చోటుకు 400 కిలోమీటర్ల అవతల సముద్రంలో పడ్డాడు. ప్రాణాలతోనే బయటపడ్డాడు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ మీద హెలికాప్టర్లు ఆహారపు పొట్లాలు జారవిడవడం మనలో చాలామందికి తెలుసు. అప్పుడు ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చేది. వాటిని నడిపినవాళ్లకు ప్రతి చక్కరులోనూ ఆ రెండు ప్రశ్నలే ఎదురై ఉంటాయని ఇప్పుడు అర్థమవుతోంది.

మన లెక్కలకు ఎలా పనికొస్తుంది?

మనకు విమానాలు లేవు. అయినా ఈ చక్రం పనికొస్తుంది. మోటారు సైకిలు మీద గంటకు 36 కిలోమీటర్ల వేగంతో బందరు వెళుతున్నాననుకోండి. రాతి మీద 24 అని ఉంది. బయటి చక్రం మీది 36ను లోపలి 60కి ఎదురుగా పెట్టాలి. గంటకు అరవై నిమిషాలు గనక 60 దగ్గర ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. ఇప్పుడు బయట 24 ఎక్కడుందో చూస్తే దాని కింద లోపల 40 ఉంటుంది. నలభై నిమిషాల్లో చేరతాను.

లోపలి వరుసలో 33, 38, 61 దగ్గర మూడు చిన్న గుర్తులున్నాయి. 33 నాటికల్ మైళ్లు, 38 మామూలు మైళ్లు, 61 కిలోమీటర్లు దాదాపు ఒకటే దూరం. ఒక గుర్తుకెదురుగా మన అంకె పెడితే మిగతా రెండూ వాటంతటవే వస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది కోతల లెక్క. రెండెకరాల డెబ్భై అయిదు సెంట్లలో 88 బస్తాలు అయ్యాయి. బయటి 88ని లోపలి 27.5కు ఎదురుగా పెడితే, లోపలి 10కి ఎదురుగా 32 వస్తుంది. ఎకరానికి 32 బస్తాలు. ఇక చక్రం కదపకుండానే, అదే దిగుబడికి ఎకరంన్నరకు 48 అని 15 దగ్గర, నలభై సెంట్లకు 12.8 అని 40 దగ్గర చదువుకోవచ్చు. కాలిక్యులేటర్ ఒక ప్రశ్నకు ఒక జవాబే ఇస్తుంది. ఇది ఒక్కసారి తిప్పితే ఆ దామాషాలో ఉన్న జవాబులన్నీ ఒకేసారి ముందు పరుస్తుంది.

కానీ గమనించారా? వాచీ మీద 27.5 అంటే 2.75 అని నేను అనుకున్నాను. 40 అంటే 0.40 అనుకున్నాను. 12.8 అంటే 128 కాదని కూడా నేనే అనుకున్నాను. ఈ పరికరం అంకెలు చెబుతుంది, దశాంశ బిందువు చెప్పదు. నా తప్పు అక్కడ జరిగింది.

నారుమడి

పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో ఒక సీనియర్ దగ్గర పాత స్లైడ్ రూల్ కొన్నాను. సెలవులకు ఇంటికొచ్చేసరికి నారుమడికి పురుగు పట్టింది. నాన్న మందు సీసా తెచ్చి, "ఒరేయ్, దీని మీద ఇంగ్లీషులో ఉంది, ఎంత కలపాలో చూడు" అన్నాడు. లీటరు నీళ్లకు 1.6 మిల్లీలీటర్లు. స్ప్రేయరు ట్యాంకు 16 లీటర్లు. నోటితో చెయ్యదగ్గ లెక్కే. కొత్త స్కేలు మోజులో దాన్ని జరిపాను. 256 కనిపించింది. సీసా చూస్తే పావు లీటరుది, 250 మిల్లీలీటర్లు. లెక్క సరిగ్గా సరిపోయిందనుకుని "సీసా మొత్తం పొయ్యి నాన్నా" అన్నాను. పొయ్యవలసింది 25.6.

నాన్న నా మాట నమ్మి పోశాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని తనే కొట్టాడు. ఆ సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. రాత్రికి రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లాం. తెల్లవారుజామున డాక్టరు గారు ఫరవాలేదని చెప్పేదాకా నేను వరండాలో నిలబడే ఉన్నాను. నాలుగు రోజుల్లో నారు ఎండిపోయింది. ఆ ఏడు పక్క ఊళ్లో నారు కొని ఆలస్యంగా ఊడ్చాం.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. లెక్కల మాస్టారికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీకు ప్రతి లెక్కకీ ముందు ఉజ్జాయింపు వెయ్యమని ఎందుకు సతాయించానురా? ఒకటిన్నరా, పదహారూ. పాతికకు అటూ ఇటూ. అది ముందు నోట్లో ఉంటే సీసా చూసి మోసపోయేవాడివి కాదు" అన్నారు. తరవాత ముప్ఫై ఏళ్లకు పైగా కాలవల మీద పని చేశాను. ఏ లెక్కా ఉజ్జాయింపు వెయ్యకుండా సంతకం పెట్టలేదు.

ఇప్పటి పిల్లలకు

1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ హెచ్‌పి-35 కాలిక్యులేటర్ తెచ్చింది. ధర 395 డాలర్లు. ఆ తర్వాత నాలుగైదేళ్లలోనే మూడు వందల యాభై ఏళ్ల స్లైడ్ రూల్ మూలపడింది. వాచీల మీద మాత్రం అలంకారంగా మిగిలిపోయింది. కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని తిప్పి చూడరు.

కాలిక్యులేటర్ బిందువు కూడా తనే పెడుతుంది. సౌకర్యమే. కానీ మనం మీట తప్పు నొక్కితే అది తప్పు బిందువునూ అంతే ధీమాగా చూపిస్తుంది. ఇప్పుడు ఫోను చెప్పిన జవాబునూ నా సీసా లాగే నమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే మన బడి లెక్కల తరగతికి నా పాత స్లైడ్ రూల్ ఇస్తున్నాను. జనవరిలో మా మనవడు మళ్లీ వస్తాడు. అప్పుడు వాచీ కూడా తెచ్చి పిల్లలకు చూపిస్తాను. తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్ ఇవ్వమని హెడ్మాస్టరు గారిని ఈ సంచిక ద్వారా కోరుతున్నాను. చక్రం తిప్పే ముందు ప్రతివాడూ ఉజ్జాయింపు పైకి చెప్పాలి. అదొక్కటే నా షరతు.

మాకు ఉజ్జాయింపు నేర్పిన మాస్టారికి, ఒక్క మాటా అనని మా నాన్నకు నమస్కారాలతో ముగిస్తున్నాను.