అకలేషియా

అన్నవాహిక చివర, జీర్ణాశయం మొదలయ్యే చోట ఉండే బిగుతు కండరం మింగేటప్పుడు వదులు కాకపోవడం వల్ల వచ్చే జబ్బు అకలేషియా. సడలకపోవడం అని ఈ పేరుకు అర్థం. ఇదే కండరం వేళకాని వేళ వదులైతే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్ని గుండెల్లో మంట పుడుతుంది. ఆ మంట ఇంటింటా ఉన్నదే. అకలేషియా మాత్రం ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా బయటపడుతుంది.

పెద్దవారిలో అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద మింగగానే దాని గోడలు అలలా కదులుతూ ముద్దను కిందికి నెడతాయి. అది చేరేలోపే గోడలోని నాడీకణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి కింది కండరాన్ని సడలిస్తాయి. అకలేషియాలో ఈ నాడీకణాలు నశిస్తాయి. శరీర రక్షణ వ్యవస్థే వాటిపై దాడి చేస్తుందన్నది ఎక్కువమంది ఆమోదించే వివరణ. దక్షిణ అమెరికాలో చాగస్ జబ్బు కలిగించే పరాన్నజీవి కూడా అచ్చం ఇలాంటి స్థితినే తెస్తుంది.

ముద్ద గొంతు దిగినా రొమ్ము దగ్గర ఆగిపోయినట్టుంటుంది. అన్నవాహిక క్యాన్సర్‌లో సాధారణంగా ముందు గట్టి పదార్థాలు, ఆ తర్వాతే ద్రవాలు దిగడం కష్టమవుతుంది. అకలేషియాలో అన్నమూ నీళ్లూ రెండూ మొదటినుంచే ఇబ్బంది పెడతాయి. ముద్దముద్దకీ నీళ్లు తాగడం, లేచి నిలబడి మింగడం రోగికి అలవాటైపోతుంది. పడుకున్నాక తిన్నది తిన్నట్టే నోట్లోకి వస్తుంది, దగ్గు తెస్తుంది. జీర్ణాశయం దాకా పోనే లేదు కనుక దానికి ఆమ్లపు పులుపు ఉండదు. నోట్లోకి వచ్చింది పుల్లగా ఉందా అన్నదే వైద్యుడు అడగవలసిన ప్రశ్న, తరచుగా అడగనిదీ ఇదే. నిలిచిన ఆహారం లోపలే పులిసి మంట పుట్టించడంతో దాన్ని ‘గ్యాస్’ అనుకుని, పరగడుపున మాత్రలు వేసుకుంటూ ఏళ్లు గడిపేవారున్నారు.

ఎండోస్కోపీ తొలిదశలో మామూలుగానే కనిపించవచ్చు. అయినా అది తప్పనిసరి, ఎందుకంటే అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట పెరిగే క్యాన్సర్ సరిగ్గా ఇదే జబ్బులా నటిస్తుంది. బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో అన్నవాహిక పైన ఉబ్బి, కింద పక్షిముక్కులా సన్నబడి ఉంటుంది. జబ్బును తేల్చేది మానోమెట్రీ: ముక్కు గుండా సన్నని గొట్టం దింపి, గుక్కగుక్కగా నీళ్లు మింగిస్తూ లోపలి ఒత్తిడి కొలుస్తారు. దీని ఆధారంగా ‘షికాగో వర్గీకరణ’ అకలేషియాను 3 రకాలుగా విభజించింది. చికిత్సకు రెండో రకం బాగా లొంగుతుంది, మూడోది మొండిది. అసలు ఆమ్లమే కారణమా అన్న అనుమానం తీరడానికి అన్నవాహికలో 24 గంటల పీహెచ్ పరీక్ష చేస్తారు.

పోయిన నాడీకణాలను తిరిగి తెచ్చే మందు లేదు. చికిత్సలన్నీ ఆ కండరం బిగువు తగ్గించేవే. 1674లో ఇంగ్లిష్ వైద్యుడు థామస్ విల్లిస్ తిమింగలం దవడ ఈనెకు స్పాంజి కట్టి ఇస్తే, రోగి దానితోనే ఆహారాన్ని లోపలికి తోసుకునేవాడు. నేటి బెలూన్ చికిత్సకు పూర్వరూపం అదే. ఇప్పుడు 30 నుంచి 40 మిల్లీమీటర్ల బెలూన్‌తో కండరాన్ని సాగదీస్తారు. అరుదుగా గోడ చిరిగే ప్రమాదం ఉంది. బోటాక్స్ సూది ప్రభావం కొన్ని నెలలే గనుక, దాన్ని ఆపరేషన్‌ను తట్టుకోలేని వృద్ధులకు వాడతారు. 1913లో జర్మన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ హెల్లర్ మొదలుపెట్టిన కండర ఛేదనం నేడు లాప్రోస్కోపీతో జరుగుతోంది. 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోయే పొట్ట కోయకుండా, నోటి గుండా ఎండోస్కోపీతోనే కండరాన్ని కోసే ‘పోయెమ్’ పద్ధతి ప్రారంభించారు. హైదరాబాద్‌లోనూ ఈ చికిత్స లభిస్తోంది.

కండరం తెగితే అన్నం దిగుతుంది, ఆమ్లమూ పైకెక్కుతుంది. అందుకే హెల్లర్ ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన్ని మడిచి అడ్డుగా కుడతారు. పోయెమ్‌లో సాధారణంగా ఆ అడ్డు ఉండదు. 2019లో వెలువడిన 221 మంది రోగుల అధ్యయనంలో రెండూ మింగుడు సమస్యను దాదాపు సమానంగా తగ్గించాయి. రెండేళ్లకు ఆమ్లం వల్ల అన్నవాహిక వాపు మాత్రం పోయెమ్ చేయించుకున్నవారిలో 44 శాతం, హెల్లర్ పద్ధతిలో 29 శాతం కనిపించింది. ఇన్నాళ్లూ పనిచేయని, ఆమ్లం తగ్గించే మాత్రలు చాలామందికి ఇప్పుడు నిజంగా అవసరమవుతాయి. జబ్బు చాలాకాలంగా ఉన్నవారిలో అన్నవాహిక క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువ కాబట్టి, ఆపరేషన్ తర్వాత కూడా వైద్యుల పర్యవేక్షణ కొనసాగుతుంది.