ఎవరికీ చూపని కాగితం

డేగలతో వేటంటే గల్ఫ్ రాజకుటుంబాలకు ప్రాణం. చలికాలంలో వలస వచ్చే హుబారా పిట్ట కోసం (మన బట్టమేకకు దగ్గరి చుట్టమే) ఎంత దూరమైనా పోతారు. 2015 డిసెంబరులో ఖతార్ నుంచి దక్షిణ ఇరాక్ ఎడారికి అలా వేటకు వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. రాజవంశీకులతో సహా రెండు డజన్లకు పైగా మనుషుల్ని సాయుధులు ఎత్తుకుపోయారు. 16 నెలలకు, 2017 ఏప్రిల్‌లో గానీ వాళ్లకు విడుదల దొరకలేదు. ఆ రోజుల్లోనే ఖతార్ విమానంలో బాగ్దాద్‌కు సంచులు వచ్చాయి. వాటిలో వందల మిలియన్ల డాలర్లున్నాయని, అనుమతి లేకుండా తెచ్చినందుకు పట్టుకున్నామని ఇరాక్ ప్రధాని హైదర్ అల్ అబాదీ స్వయంగా చెప్పారు. మొత్తం బేరం వంద కోట్ల డాలర్ల దాకా పోయిందని జూన్ మొదట్లో ఫైనాన్షియల్ టైమ్స్ రాసింది. మేం ఏ ముఠాకూ ఇవ్వలేదు, పంపింది ఇరాక్ ప్రభుత్వానికే అని ఖతార్ వాదన.

ఆ సంచుల సంగతి అప్పటికే రియాద్‌లోనూ, అబుదాబీలోనూ పళ్లు నూరడానికి కారణమైంది. దానికి తోడు మే నెలాఖర్లో ఖతార్ వార్తా సంస్థ వెబ్‌సైట్‌లో ఎమీర్ షేక్ తమీమ్ అన్నట్టుగా ఇరాన్‌ను మెచ్చుకునే మాటలు కొన్ని వచ్చాయి. ఎవరో హ్యాక్ చేసి పెట్టారు, అవి మా ఎమీర్ మాటలు కావని ఖతార్ మొత్తుకున్నా పొరుగువాళ్ల టీవీలు ఆగలేదు. 2017 జూన్ 5 తెల్లవారేసరికి సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు తెగతెంపులు ప్రకటించాయి. ఉగ్రవాదులకు డబ్బిస్తోందన్నది ఖతార్‌పై ప్రధాన అభియోగం.

ఖతార్‌కు నేల మీద దారి ఒక్కటే, సౌదీ వైపు. దాన్ని మూసేశారు. దేశం తినే తిండిలో దాదాపు 40 శాతం ఆ దారినే వచ్చేది. దోహా సూపర్‌మార్కెట్లలో పాలు, పెరుగు అరలు ఖాళీ అయ్యాయి. రోజుల్లోనే టర్కీ విమానాలు దిగాయి, అరల్లోకి టర్కీ అక్షరాల పాల ప్యాకెట్లు వచ్చాయి. సౌదీ మేత భూముల్లోని ఖతారీల ఒంటెలను, గొర్రెలను వేల సంఖ్యలో సరిహద్దుకు తోలేశారు. దౌత్యం సంగతి ఒంటెకేం తెలుసు, మండుటెండలో దాహంతో కొన్ని అక్కడే పడిపోయాయి.

ఆ సమయానికి ఖతార్‌లో ఆరు లక్షలకు పైగా భారతీయులున్నారు. వాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లూ, కోనసీమ వాళ్లూ తక్కువేం కాదు. ప్రపంచకప్ స్టేడియాల పనులు సాగుతున్న కాలం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. అలా అన్నీ ఒకటే అనుకున్న దేశాలు ఒకదాని మీద ఒకటి తలుపులు వేసుకుంటే ఎవరి పక్షమని తేల్చుకుంటారు? మన విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ అది గల్ఫ్ దేశాల అంతర్గత వ్యవహారమన్నారు, దోహా నుంచి అదనపు విమానాలు ఏర్పాటు చేయించారు. అంతకు మించి వేలు పెట్టకపోవడమే తెలివైన పని అని నా లెక్క.

ఇక కాగితాల వరస మొదలైంది. నాలుగు దేశాలు 59 మంది పేర్లు, 12 సంస్థల పేర్లతో ముందు ఒక ఉగ్రవాద జాబితా వదిలాయి. జూన్ నెలాఖరు వస్తుండగా 13 డిమాండ్లు, పది రోజుల గడువు. ఖతార్ టీవీ చానల్ అల్ జజీరాను మూసేయాలి, టర్కీ సైనిక స్థావరాన్ని ఎత్తేయాలి, ఇరాన్‌తో చుట్టరికం తగ్గించుకోవాలి. ఉగ్రవాద నిధుల మాట ఆ జాబితాలో ఉంది, కానీ ఒక టీవీ చానల్ నోరు మూయించడానికీ దానికీ ఏం పొత్తు? అసలు తగవు ఎక్కడుందో ఆ పదమూడూ వరసగా చదివితే ఎవరికైనా అర్థమవుతుంది.

అమెరికా తీరు ఇంకో వింత. ఖతార్ చాలాకాలంగా భారీ ఎత్తున ఉగ్రవాదానికి డబ్బిస్తోందని అధ్యక్షుడు ట్రంప్ బహిరంగంగా అనేశారు. కొన్ని రోజులు తిరక్కుండానే ఆయన ప్రభుత్వమే ఖతార్‌కు 1,200 కోట్ల డాలర్ల ఎఫ్-15 యుద్ధ విమానాలు అమ్మే ఒప్పందం చేసుకుంది. దోహా శివార్లలోని అల్ ఉదైద్ స్థావరంలో అప్పటికి పది వేల మంది దాకా అమెరికా సైనికులున్నారు. ఈ చిక్కుముడి విప్పే బాధ్యత విదేశాంగ మంత్రి రెక్స్ టిల్లర్సన్ మీద పడింది. ఎక్సాన్‌మొబిల్ అధిపతిగా ఖతార్ గ్యాస్ ఒప్పందాల్లో నలిగిన మనిషి, అక్కడి వాళ్లను బాగా ఎరిగినవాడు.

జులై 11న టిల్లర్సన్, ఖతార్ విదేశాంగ మంత్రి షేక్ మహమ్మద్ బిన్ అబ్దుల్‌రహ్మాన్ దోహాలో ఉగ్రవాద నిధుల కట్టడికి అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశారు. అమెరికాతో ఇలాంటి ఒప్పందం ముందుగా చేసుకున్నది మేమేనని, మమ్మల్ని వెలివేసినవాళ్లు కూడా వచ్చి చేయాలని ఖతార్ మంత్రి సవాలు విసిరారు. ఒప్పందంలో ఏముందో మాత్రం పైకి చెప్పలేదు. మర్నాడు టిల్లర్సన్ జెడ్డా వెళ్లేలోపే నాలుగు దేశాలూ ఇది చాలదని తేల్చేశాయి. ఖతార్ మాట ఇచ్చి తప్పే రకమని వాళ్ల వాదన.

దానికి వాళ్లు రుజువుగా చూపే కాగితం దోహా సంతకాలకు ఒక రోజు ముందే, జులై 10న, సీఎన్ఎన్ చేతికి చిక్కింది. అది 2013 నవంబరు 23న రియాద్‌లో చేత్తో రాసుకున్న ఒప్పందం. సౌదీ రాజు అబ్దుల్లా, కువైట్ ఎమీర్ సబా, అప్పుడే గద్దెనెక్కిన తమీమ్ సంతకాలు దాని మీద ఉన్నాయి. ఒకరి ఇంటి విషయాల్లో ఇంకొకరు వేలు పెట్టకూడదని, ముస్లిం బ్రదర్‌హుడ్‌కు అండ ఇవ్వకూడదని అందులో రాసుకున్నారు. దాదాపు నాలుగేళ్ల పాటు అది బయటి కంట పడలేదు. అప్పు పత్రం చూపించకుండానే అప్పు ఎగ్గొట్టాడని ఊరంతా చాటినట్టుంది వ్యవహారం. ఆ పాత పత్రం ఎవరికీ చూపలేదు, దాని తప్పు దిద్దడానికి రాసుకున్న కొత్త పత్రమూ అంతే.

నిజానికి దీనికంతా ఒక అంతర్జాతీయ చట్టం అప్పటికే ఉంది. ఉగ్రవాదానికి నిధులు అందించడాన్ని నేరంగా ప్రకటించే ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1999 డిసెంబరులో ఆమోదించింది. అమల్లోకి రావాలంటే 22 దేశాలు చేరాలి. 2001 సెప్టెంబరు 11 నాటికి చేరినవి నాలుగే: బోట్స్‌వానా, శ్రీలంక, ఉజ్బెకిస్తాన్, బ్రిటన్. జంట టవర్లు కూలాక అందరికీ మెలకువ వచ్చింది, 2002 ఏప్రిల్‌లో అది అమలైంది. ఈలోగా భద్రతామండలి 1373 తీర్మానంతో అన్ని దేశాల మీదా బాధ్యత మోపింది. కానీ ‘ఉగ్రవాది’ అంటే ఎవరన్న సర్వసమ్మత నిర్వచనం ఇప్పటికీ కుదరలేదు. అందుకే బ్రదర్‌హుడ్ కైరోలో ఉగ్రవాద సంస్థ, దోహాలో అతిథి.

9/11 తర్వాత అందరి వేలూ హవాలా వైపే తిరిగింది. మన దగ్గర గల్ఫ్ వాళ్లు హుండీ అంటారే, అదే. సోమాలియా కూలీలు ఇళ్లకు డబ్బు పంపుకునే అల్ బరకాత్ సంస్థను 2001 నవంబరులో అమెరికా మూయించింది. నెలనెలా వచ్చే పైసల మీద బతికే ఇళ్లలో అది ఎలాంటి దెబ్బో జగిత్యాల వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. తీరా 9/11 విచారణ సంఘం లెక్క తీస్తే, ఆ దాడికి ఖర్చయిన నాలుగైదు లక్షల డాలర్లలో హవాలా జాడే దొరకలేదు. డబ్బు మామూలు బ్యాంకుల్లోంచి, కొంత యూఏఈ నుంచి, దర్జాగా వెళ్లింది.

గురివింద సామెత ఇక్కడ వాడక తప్పదు. 19 మంది హైజాకర్లలో 15 మంది సౌదీలు, ఇద్దరు యూఏఈ వాళ్లు, ఒకడు ఈజిప్షియన్. 2017లో ఖతార్‌ను నిలదీసిన నాలుగింటిలో మూడు దేశాలివి. అలాగని ఖతార్ కడిగిన ముత్యమనీ కాదు. ఆ దాడికి పథకం వేసిన ఖాలిద్ షేక్ మహమ్మద్ 1990ల్లో ఖతార్ విద్యుత్, నీటి శాఖలో ఉద్యోగం చేసి, అమెరికా పట్టుకునేలోపు 1996లో జారిపోయాడు. 2014లో అమెరికా ఖజానా శాఖ అధికారి డేవిడ్ కోహెన్ ఖతార్, కువైట్ రెండూ చూసీ చూడనట్టు ఉంటున్నాయని పేర్లు పెట్టి మరీ చెప్పారు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది వేరొకటి. 2017 మే 21న, తగవుకు రెండు వారాల ముందు, ఉగ్రవాద నిధులను వెతికి పట్టే ఉమ్మడి కేంద్రాన్ని రియాద్‌లో పెట్టారు. సభ్యులు అమెరికా, ఆరు గల్ఫ్ దేశాలు. సరిహద్దు మూసినా, విమానాలు ఆగినా ఆ కేంద్రం నుంచి ఖతార్‌ను ఎవరూ తీసేయలేదు. తనూ బయటికి రాలేదు. అక్టోబరు 25న ఆ ఏడు దేశాలూ కలిసి తొలి ఉమ్మడి ఆంక్షలు ప్రకటించాయి. యెమెన్‌లోని అల్ ఖైదా, ఐసిస్ మనుషుల మీద, వాళ్లకు ఊతమిస్తోందని ఆరోపణ ఉన్న ఒక సూపర్‌మార్కెట్ మీద. నాయకులు ముఖాలు చూసుకోని రోజుల్లో గుమాస్తాలు ఒకే జాబితా మీద పని చేసుకుపోయారు. ఖతార్ కూడా ఆ జులైలోనే తన ఉగ్రవాద చట్టాన్ని సవరించింది, 2018 మార్చిలో తన సొంత జాబితా ఇచ్చింది.

టిల్లర్సన్ దోహాలో సంతకం చేసిన వారంలోనే యూరప్ నుంచి హోల్‌స్టీన్ పాడి ఆవులు విమానంలో దిగడం మొదలైంది. అలా మొదలైన డెయిరీ రెండేళ్లు తిరక్కుండా పాలను ఎగుమతి చేసే స్థాయికి చేరింది. దిగ్బంధం మూడున్నరేళ్లు నడిచింది. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలా విమానాశ్రయంలో యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ ఎదురెళ్లి తమీమ్‌ను కౌగిలించుకున్నారు. 13 డిమాండ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు, అల్ జజీరా ఆ దృశ్యాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది. నాలుగు రోజులకు సరిహద్దులోని సల్వా దగ్గర గేటు తెరుచుకుని ఖతార్ కార్లు సౌదీలోకి దాటాయి. ఈసారి దాటడానికి కావలసిన కాగితాల్లో కొవిడ్ లేదని చెప్పే పరీక్ష రిపోర్టు కూడా ఉంది.