జానెడు ఇటుక

మేళ్లచెర్వు, ఒకప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట. కృష్ణ ఒడ్డు సున్నపురాయిని నమ్ముకుని వెలసిన సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒకటి. ఇవాళ షట్‌డౌన్. కిల్న్ అనే కొలిమి తలుపులోంచి వంగి లోపలికి రండి. తల తగలదు, నిలబడొచ్చు. మంట ఆర్పి రోజులైనా ఇనుప గొట్టంలో ఉక్కపోత తగ్గలేదు. చొక్కా అప్పుడే వీపుకి అతుక్కుంది.

మీరు నిలబడ్డది బర్నింగ్ జోన్. ఇక్కడే సున్నపురాయి పొడి 1450 డిగ్రీల దగ్గర ఉడికి, సిమెంటుకి మూలమైన క్లింకర్ అవుతుంది. మంట వేడి 2000 దాకా పోతుంది. బయటి ఉక్కు షెల్‌కి 400 దాటితే బలం తగ్గుతుంది. రెంటికీ మధ్య అడ్డు జానెడు ఇటుక.

ఇటుకల ప్యాలెట్ల మీద ప్లాస్టిక్ కవరు విప్పబోతే మేస్త్రీ ఆపుతాడు. "ఇప్పుడే తియ్యకు సారూ, తడి తగిల్తే ఉబ్బి పగుల్తది." మెగ్నీషియా ఇది. 2800 డిగ్రీల దాకా కరగదు, వానకి మాత్రం భయపడుతుంది.

అల్యూమినా ఇటుక పెడితే పోదా? అదీ 2000 దాటితేగాని కరగదు కదా! కానీ సున్నం తోడైతే 1400 దగ్గరే నీరుగారిపోతుంది. అందుకే దాన్ని వెనక, వేడి తక్కువ చోటికి పంపారు. కరిగే డిగ్రీ ఒక్కటే చూసి ఇటుక కొనడం జీతం ఒక్కటే చూసి పిల్లనిచ్చినట్టే. సున్నంతో పొసగాలి. మెగ్నీషియాకి పొసగుతుంది, కానీ వేడెక్కి చల్లారితే పగిలే గుణం ఉంది గనక స్పినెల్ అనే ఖనిజపు గింజలు కలుపుతారు. ఒకప్పుడు క్రోమ్ కలిపేవారు. కిల్న్‌లో అది విషపు క్రోమియంగా మారుతుందని తెలిశాక మానుకున్నారు, మంచిదైంది.

కింది సగం పేర్చారు. పై సగాన్ని జాకీలు పట్టుకున్నాయి. చివరి ఇటుక బిగించి, సందులో ఉక్కు రేకు దిగ్గొట్టి, మేస్త్రీ రింగంతా సుత్తితో తట్టి చెవి పెడతాడు. వదులుంటే కిల్న్ తిరిగేటప్పుడు ఒకటి జారుతుంది, దాని వెంట పక్కవి. రాత్రి బయటినుంచి చూస్తే షెల్ మీద ఎర్రటి మచ్చ. మళ్లీ ఆపాల్సిందే.

ఇక వెలిగిస్తారు, తొందరపడకుండా, మధ్యమధ్య కొంచెం కొంచెం తిప్పుతూ. తర్వాత ఫీడ్, అంటే ఆ పొడి. సగం కరిగిన క్లింకర్ ఇటుకకి అంటుకుని పొరకడుతుంది; కోటింగ్ అంటారు. ఇటుకని కాచేది అదే. కంట్రోల్ రూమ్ తెర మీద షెల్ వేడి దిగుతోంది. "పట్టింది," అంటాడు ఆపరేటర్, ఫీడ్ ఇంకాస్త పెంచుతూ.