ఎర్ర నేల వద్దన్న ఉత్తరం

1643లో ఈస్టిండియా కంపెనీ పెద్దలు లండన్ నుంచి సూరత్‌లోని తమ వర్తక కోఠీకి ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే అద్దకపు బొంతలు చాలావరకు ముదురెరుపు నేలతో, అంటే నేపథ్యంతో, వస్తున్నాయి, అవి ఇక్కడ అంతగా నచ్చడం లేదు, ఇకమీదట తెలుపు నేల ఎక్కువుంచి, పూలూ కొమ్మలూ మధ్యలో చిత్రకారుడి ఇష్టప్రకారం రంగుల్లో వేయించండి అని దాని సారాంశం. ఇదే సూరత్‌లో ఉండి స్మార్ట్‌వాచీల రివ్యూలు చదవడం నా ఉద్యోగం. ఇంత నిండైన రివ్యూ నాకు ఇప్పటికీ అరుదుగానే దొరుకుతుంది.

కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టింది 1613లో. పెద్ద ఓడలు తాపీ నదిలోకి రాలేక సువాలి తీరాన లంగరేసేవి. ఒక ఫిర్యాదు వచ్చి, దానికి తగ్గ సరుకు తిరిగి లండన్ చేరాలంటే ఏళ్లు పట్టేది. అందుకే ప్రతి మాటా పనికొచ్చేలా రాసేవారు.

ఆ కోరిక తీర్చడం ఎంత కష్టమో మచిలీపట్నం అద్దకం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మన కోస్తాలో ఎరుపు చిరివేరుతో వచ్చేది. పటిక పట్టించిన చోటే ఎరుపు నిలుస్తుంది. కానీ రంగునీళ్లలో ఉడికించాక మిగతా గుడ్డకూ ఆ ఛాయ అంటుకుంటుంది. పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ దాన్ని వదిలించాలి. నేల తెల్లగా కావాలంటే అంత చాకిరీ.

రాతలో మెప్పుందో విసుగుందో తేల్చే సెంటిమెంట్ అనాలిసిస్ ప్రోగ్రాముకు ఆ ఉత్తరమిస్తే ‘కొద్దిగా నెగెటివ్’ అని ముద్ర వేసి వదిలేస్తుంది. ఏది నచ్చలేదో, బదులుగా ఏం కావాలో, పనివాడికి ఎక్కడ స్వేచ్ఛ ఉందో ఆ ముద్రలో కనిపించదు. వాచీలదీ అదే తంతు. ‘వాచ్ సూపర్, చెమట పడితే గుండె లెక్క తప్పుతోంది’ అన్న రివ్యూకు నాలుగు స్టార్లుంటాయి. పట్టీ వదులైనా, చెమట పట్టినా చర్మం మీద పడే పచ్చ వెలుతురుతో తీసే కొలత చెదురుతుంది. ఇంజనీరుకు కావలసింది ఆ రెండో సగమే.

గట్టిగా వినిపించే కోపమంతా కొన్నవాళ్లది కాదు. 1719లో లండన్‌లో పట్టు నేతగాళ్లు అద్దకపు నూలు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. గుడ్డ బాగాలేదని కాదు, తమ కూడు పోతోందని. 1721లో వాటిని ధరించడాన్నే నిషేధిస్తూ చట్టమొచ్చింది. ఇవాళ కొనకుండానే రాసే దొంగ రివ్యూలదీ అదే తీరు. వాటిని అదుపు చేయడానికి మన దేశంలో 2022లో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చారు. అది అవసరమేనని నా నమ్మకం.

మా నాన్న వరంగల్ నుంచి సూరత్‌లోని లింబాయత్‌కు వచ్చి పవర్‌లూమ్ మీద బతికారు. ఆయన నేసిన బట్ట ఎవరు కట్టుకున్నారో ఆయనకెప్పుడూ తెలియలేదు. వాపసొచ్చిన బట్ట థాన్ ఒక్కటే ఆయనకు చేరిన అభిప్రాయం. అందులోనూ కారణం ఉండేది కాదు, కూలీలో కోత మాత్రం ఉండేది.

కాబట్టి ఒక విన్నపం. ఏ వస్తువుకైనా రివ్యూ రాసేటప్పుడు స్టార్లతో ఆపకండి. ఎప్పుడు, ఎక్కడ, ఏది పనిచేయలేదో, ఎలా ఉంటే మీకు బాగుండేదో ఒక్క వాక్యం తెలుగులోనే రాయండి. మేం చదువుతాం.